కర్నూలు ఎండలో ఆసుపత్రి తోట: రోగులకూ వెంట వచ్చినవారికీ పనికివచ్చేలా ఎలా రూపొందించాలి

ఆసుపత్రి ఆవరణలో తోట వేయాలని నిర్ణయించినప్పుడు మొక్కల జాబితాతో పని మొదలుపెట్టకండి. ఆ తోటలోకి ఎవరు వస్తారు, ఎంతసేపు ఉంటారు, రావాలని ఉన్నా ఎందుకు రాలేకపోతారు అన్న మూడు సంగతులు తెలుసుకోవడంతో మొదలుపెట్టండి. కర్నూలు పెద్దాసుపత్రి వంటి చోటికి కర్నూలు, నంద్యాల జిల్లాల నుంచే కాక గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. రోగి వెంట ఒకరో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వారిలో చాలామందికి పట్టణంలో తలదాచుకునే చోటు ఉండదు కాబట్టి వరండాలోనే చాప పరచుకొని, తెచ్చుకున్న సద్ది తిని, ఉతికిన బట్టలు కిటికీ కమ్ములకు ఆరవేసుకొని రోజులు గడుపుతారు. కనుక మన ప్రాంతంలో ఆసుపత్రి తోటను వాడుకునేవారిలో మంచం దిగగలిగిన రోగుల కంటే, రోగి కోసం కాచుకొని ఉన్నవారే ఎక్కువమంది ఉంటారు. ఈ ఒక్క విషయాన్ని మనసులో పెట్టుకుంటే మిగిలిన నిర్ణయాలు వాటంతటవే ఒక వరుసలోకి వస్తాయి: ముందు నీడ, తర్వాత కూర్చునే చోటు, తర్వాత తాగే నీరు, వీటన్నిటి తర్వాతే పూలు.

పచ్చదనం చూడగలగడం రోగికి మేలు చేస్తుందన్నది కేవలం నమ్మకం కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ పరిశీలించి, 1984లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవారు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవారి కంటే కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు. తీవ్రమైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. అది ఒకే ఆసుపత్రిలో, కొద్దిమందిపై చేసిన పరిశీలన కాబట్టి దానినుంచి పెద్ద పెద్ద వాగ్దానాలు చేయకూడదు. అయితే ఆ తర్వాత అదే పరిశోధకుడు ఆసుపత్రి తోటకు కావలసినవిగా చెప్పిన నాలుగు అంశాలు ఇప్పటికీ మంచి కొలబద్దలే: తన ఇష్టం మేరకు ఏదో ఒకటి ఎంచుకోగలిగానన్న భావన, తోటి మనుషుల తోడు, శరీరానికి కాస్త కదలిక, మనసును నొప్పి నుంచి మళ్లించే ప్రకృతి. రోజుల తరబడి ఇతరులు చెప్పినట్లే లేచి, చెప్పినట్లే పడుకునే రోగికి ఎండలో కూర్చోవాలా నీడలో కూర్చోవాలా, ఒంటరిగా ఉండాలా నలుగురిలో ఉండాలా అన్నది తానే తేల్చుకోగలగడం చిన్న విషయం కాదు. మీరు గీసే ప్రతి నమూనాలోనూ ఇటువంటి ఎంపికకు చోటుందో లేదో చూసుకోండి.

పని మొదలుపెట్టే ముందు ఒక వారం గమనించండి

ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ఆవరణ అంతా తిరిగి, మనుషులు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారో నక్షా మీద గుర్తు పెట్టుకోండి. అన్నం తినే చోటు, ఫోన్‌లో మాట్లాడటానికి పక్కకు వెళ్లే చోటు, బట్టలు ఆరవేసే చోటు, అడ్డదారిన నడిచి నడిచి గడ్డి అరిగిపోయిన చోటు, ఇవన్నీ రాసుకోండి. నర్సులను, వార్డు సిబ్బందిని, ఫిజియోథెరపిస్టులను, ఊడ్చేవారిని, గేటు దగ్గరి కాపలాదారులను అడగండి. రాత్రి పూట ఎక్కడ పాము కనిపించింది, వానాకాలంలో ఎక్కడ నీళ్లు నిలుస్తాయి, ఏ చెట్టు కింద ఎవరూ కూర్చోరు అన్నవి నక్షాల్లో ఉండవు, వీరికే తెలుసు.

ఇక వెంట వచ్చినవారిని తప్పక ఒక ప్రశ్న అడగండి: ఇంత ఉక్కగా ఉన్న వరండాలో ఎందుకు కూర్చున్నారు, ఎదురుగా ఉన్న చెట్టు కిందికి ఎందుకు వెళ్లలేదు? “మేం ఆడికి పోయినప్పుడే పేరు పిలిస్తే ఎట్ల సార్?” అన్నదే తరచుగా వచ్చే జవాబు. ఆపరేషన్ గది బయట, ఐసీయూ బయట, ల్యాబు కిటికీ దగ్గర కాచుకున్నవారు తమ పేరు వినబడనంత దూరం ఎప్పటికీ వెళ్లరు. ఎంత ఖర్చుపెట్టి వేసిన తోటైనా ఆ భయాన్ని తీర్చకపోతే ఖాళీగానే ఉంటుంది. కాబట్టి వార్డు తలుపు కనిపించేంత దగ్గరలో, నలభై యాభై అడుగులు వేస్తే చేరుకునేలా కూర్చునే చోట్లు ఏర్పాటు చేయండి. పిలుపు వినబడేలా ఒక చిన్న స్పీకరును చెట్టు నీడలోనూ అమర్చమని, టోకెన్ నంబరు చూపే బోర్డు ఉంటే ఇంకొకటి బయటికి కూడా తిప్పమని అధికారులను కోరండి. పూలమొక్కలకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి అయినా సరే ఈ పని చేయించవలసిందని నా గట్టి అభిప్రాయం.

స్థలం ఎంపిక

ఆసుపత్రి ముందు భాగంలో ఒకే పెద్ద తోట కంటే వార్డుల మధ్య మూడు నాలుగు చిన్న తోటలు ఎక్కువ మందికి అందుతాయి. ముందున్న పెద్ద పచ్చిక ఫోటోలో బాగుంటుంది గాని, శస్త్రచికిత్స జరిగి రెండు రోజులైన మనిషి సెలైన్ స్టాండు పట్టుకొని అక్కడి దాకా రాలేడు. అంబులెన్సు దారిని, అగ్నిమాపక వాహనం తిరిగే చోటును ఎట్టి పరిస్థితుల్లోనూ తోటలో కలపవద్దు. ద్రవ ఆక్సిజన్ ట్యాంకు చుట్టూ ఎండుటాకులు చేరే చెట్లు వేయకూడదు. జనరేటరు పొగ వచ్చే వైపు, వ్యర్థాలను నిల్వచేసే గది పక్క కూడా పనికిరావు.

కర్నూలు ఎండ లెక్క కొంచెం వేరు. ఈ ఊరు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. చలికాలంలో మాత్రం దక్షిణంగా వాలి ఉంటాడు. నిజంగా బాధించేది పడమటి ఎండ. అందువల్ల రెండంతస్తుల భవనానికి తూర్పున ఉన్న స్థలం మధ్యాహ్నం మూడు దాటాక ఆ భవనపు నీడలోకే వచ్చి సాయంత్రపు తోటకు చక్కగా సరిపోతుంది. పడమటనున్న స్థలం ఉదయపు నడకకు సరిపోతుంది. రెండూ దొరికితే రెండిటినీ వాడుకోండి. ఒకటే దొరికితే తూర్పు వైపునే ఎంచుకోండి, ఎందుకంటే పరామర్శకు వచ్చేవారు ఎక్కువగా వచ్చేది సాయంత్రమే.

స్థలం ఖాయమయ్యాక తవ్వి చూడండి. పాత ఆసుపత్రుల వెనుక భాగాల్లో నేలలో సూదులు, పగిలిన మందు సీసాలు పూడి ఉండే అవకాశం ఉంది. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు వచ్చాక విధానం మారినా, అంతకుముందు పూడ్చినవి నేలలోనే ఉంటాయి. మందపాటి తొడుగులు, బూట్లు లేకుండా ఎవరినీ ఆ మట్టిలో దింపకండి. పైపొరను కనీసం ఒక అడుగు లోతు వరకు తీసి జల్లెడ పట్టించండి. అనుమానంగా ఉంటే ఆ మట్టిని పూర్తిగా తీసివేసి కొత్త మట్టి పోయించండి.

నేల, దారి, వాలు

కర్నూలు పరిసరాల్లో నల్లరేగడి ఎక్కువ. అది వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. రేగడి మీద నేరుగా బండలు పరిస్తే ఒక్క వానాకాలం గడిచేసరికి బండలు ఎగుడుదిగుడై, చక్రాల కుర్చీ ఇరుక్కుపోతుంది. దారి వేసే మేరకు ఒకటిన్నర నుంచి రెండు అడుగుల లోతు రేగడిని తీసివేసి, గరుసు పోసి, నీళ్లు చల్లి పొరలు పొరలుగా దిమ్మిస చేయించి, దానిమీద కాంక్రీటు పరుపు వేసి, ఆ తర్వాతే బండలు పరిపించండి. ఇంత ఖర్చు ఎందుకని గుత్తేదారు అనవచ్చు, ఒప్పుకోకండి. తోటలో మిగిలినవన్నీ తర్వాత సరిచేసుకోవచ్చు గాని దారిని తవ్వి మళ్లీ వేయడమంటే రోగులకు తోటను నెలల పాటు మూసివేయడమే.

బండల విషయంలో మన జిల్లాలు అదృష్టవంతమైనవి. బేతంచెర్ల నాపరాళ్లు, కడప బండలు రెండూ దగ్గరే దొరుకుతాయి. అయితే నల్లటి కడప బండ ఎండలో బాగా కాలుతుంది; మన రోగుల్లో చాలామంది చెప్పులు లేకుండానే నడుస్తారు. కాబట్టి ఎండ పడే దారికి లేత రంగు నాపరాయిని వాడి, కడప బండను పూర్తి నీడలో ఉండే అరుగులకు మాత్రమే ఉంచండి. నునుపు చేసిన రాయి ఎక్కడా వద్దు, తడిస్తే కాలు జారుతుంది. తెల్లగా మెరిసే పలకలు కూడా వద్దు, కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవారు ఆ వెలుగును భరించలేరు. నేలమీద నలుపు తెలుపు గళ్లు వేయించాలన్న ఉత్సాహాన్ని కూడా మానుకోండి, చూపు మందగించిన పెద్దవారికి నల్లటి గడి గుంతలా కనిపించి అడుగు తడబడుతుంది.

దారి వెడల్పు ఆరడుగులు ఉంటే ఎదురెదురుగా రెండు చక్రాల కుర్చీలు తప్పుకొని పోగలవు. మలుపుల దగ్గర ఐదడుగుల గుండ్రటి ఖాళీ ఉండాలి. వాలు ఎక్కడా పన్నెండడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తును మించకూడదు. ఇరవై అడుగులకు ఒక అడుగైతే ఇంకా హాయి. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న వారి కోసం ఒక చోట ముప్పై అడుగుల దారికి రెండు వైపులా, నడుము ఎత్తుకు కాస్త కిందుగా చేతి కమ్మీలు పెట్టించండి. ఒకరికి కుడి చెయ్యి పడిపోయి ఉంటుంది, మరొకరికి ఎడమ చెయ్యి పడిపోయి ఉంటుంది. వెళ్లేటప్పుడు కుడి పక్కనున్న కమ్మీ తిరిగి వచ్చేటప్పుడు ఎడమ పక్కకు వస్తుంది. అందుకే రెండు వైపులా తప్పనిసరి. కమ్మీ ఇనుముదైతే ఎండకు కాలుతుంది, నీడలోనైనా పెట్టండి లేదా కర్రతో చేయించండి. అదే దారిలో గరుకు రాయి, ఇటుక, రెండు పొట్టి మెట్లు వరుసగా ఉంటే ఫిజియోథెరపిస్టు రోగిని అక్కడే నడిపించి, ఇంటికి వెళ్లాక ఎదురయ్యే నేలలను అలవాటు చేయగలుగుతారు. వీటి క్రమాన్ని మీరు నిర్ణయించకండి, వారినే గీయమనండి.

కూర్చునే చోట్లు

పార్కుల్లో అందరూ వేసే సిమెంటు బెంచీ ఆసుపత్రికి పనికిరాదు. దానికి చేతులుండవు, పొట్ట మీద కుట్లున్న మనిషి చేతులతో ఊతం తీసుకోకుండా లేవలేడు. పదిహేడు, పద్దెనిమిది అంగుళాల ఎత్తు, వెనుక ఆనుడు, రెండు పక్కలా చేతులు ఉన్న బెంచీలను ప్రతి ముప్పై నలభై అడుగులకు ఒకటి చొప్పున వేయండి. బెంచీ పక్కన చక్రాల కుర్చీ ఆగేంత చదును నేల వదలండి, అప్పుడే భార్యాభర్తలు పక్కపక్కన కూర్చోగలుగుతారు. మూత్రపు సంచి, సెలైన్ సీసా తగిలించుకోవడానికి బెంచీ ప్రక్కన రెండు ఎత్తుల్లో కొక్కేలు పెట్టడం అతి తక్కువ ఖర్చుతో అయ్యే పని.

వెంట వచ్చిన కుటుంబాల కోసం మాత్రం బెంచీ కంటే మన ఊరి రచ్చకట్టే మేలైన నమూనా. చెట్టు చుట్టూ వెడల్పాటి అరుగు ఉంటే ఒక కుటుంబం చుట్టూ కూర్చొని అన్నం తినగలదు, పసిబిడ్డను పడుకోబెట్టుకోగలదు, అలసిన ముసలమ్మ నడుం వాల్చగలదు. అరుగు కట్టేటప్పుడు చెట్టు మొదలు చుట్టూ నాలుగడుగుల మట్టిని వదిలిపెట్టండి, కాండానికి ఆనించి సిమెంటు వేస్తే వేర్లకు నీరూ గాలీ అందక చెట్టు దెబ్బతింటుంది. అరుగు దగ్గరలోనే చేతులు కడుక్కునే కుళాయి, తాగునీరు, మూత ఉన్న చెత్తడబ్బా ఉండాలి. మూత లేకపోతే కుక్కలు, కోతులు, ఎలుకలు చేరుతాయి. ఎలుకల వెనుక పాములు వస్తాయి. బట్టలు ఆరవేసుకోవడానికి ఎండ తగిలే ఒక మూల తీగలు కట్టించండి. తోటలో బట్టలేమిటని ఎవరైనా అభ్యంతరం చెబితే, ఆ చోటు లేకపోవడం వల్లనే అవి పూలపొదల మీదికి, కిటికీలకూ చేరుతున్నాయని వివరించండి.

ఆడవారు రాత్రి పొద్దుపోయాక కూడా నిర్భయంగా కూర్చోగలగాలి. దారి పక్కన రెండున్నర అడుగులకు మించిన పొదలు పెంచకండి. చెట్ల కొమ్మలను ఏడడుగుల దాకా కత్తిరించి ఉంచితే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూపు ఆనుతుంది. మోకాలి ఎత్తులో నేల మీదికి పడే దీపాలు పెడితే దారిలో పురుగూ పుట్రా కనిపిస్తుంది, వార్డు కిటికీల్లోకి వెలుగు కొట్టి రోగుల నిద్రా చెడదు.

దుఃఖానికి ఒక చోటు

తోట గురించి మాట్లాడేవారు చాలాసార్లు వదిలేసే విషయం ఇది. ఐసీయూ తలుపు తెరుచుకొని చెడువార్త చెప్పిన మరుక్షణం ఆ కుటుంబం ఎక్కడికి వెళ్లాలి? మన పల్లెల్లో దుఃఖాన్ని దిగమింగుకోవడం అలవాటు లేదు, గొంతెత్తి ఏడుస్తారు, అలా ఏడవడం వారి హక్కు కూడా. కాని అదే వరండాలో తమవారి కోసం కాచుకొని ఉన్న మిగతా కుటుంబాల గుండెలు ఆ ఏడుపుకు బద్దలవుతాయి. సిబ్బంది ‘బయటికి వెళ్లండి’ అంటారు. బయట ఉన్నది వాహనాలు ఆగే చోటు. అందుచేత ఐసీయూకు దగ్గరగా, అయితే వార్డు కిటికీల కిందికి రాకుండా, మూడు వైపులా మొక్కలతో కనుమరుగు చేసిన ఒక చిన్న ఆవరణను విడిగా కేటాయించండి. అందులో పది పన్నెండు మంది కింద కూర్చోగల చదును నేల, రెండు బెంచీలు, ముఖం కడుక్కోవడానికి ఒక కుళాయి చాలు. అక్కడి నుంచి శవాగారానికో వాహనం దగ్గరికో వెళ్లే దారి మళ్లీ జనం మధ్య నుంచి కాకుండా ఉండాలి. దానికి ఏ పేరూ పెట్టకండి, బోర్డు కూడా వద్దు. ఎవరిని ఎప్పుడు అక్కడికి తీసుకుపోవాలో నర్సులకు తెలిస్తే సరిపోతుంది.

కర్నూలులో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఉంటారు. తోటలో ఒక మతానికి చెందిన విగ్రహమో గుర్తో పెట్టడం కంటే, ఎవరైనా తుండు పరచుకొని మౌనంగా ప్రార్థన చేసుకోగల శుభ్రమైన మూలను వదలడం అందరికీ ఊరట. దారి చూపే బోర్డులు తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడ భాషల్లోనూ, చదువురానివారి కోసం బొమ్మలతోనూ ఉండాలి.

నీడనిచ్చే చెట్లు, ఆ లోపు పందిరి

వేప, కానుగ, పొగడ ఈ మూడూ ఇక్కడి ఎండను తట్టుకొని మంచి నీడనిస్తాయి. వేప, కానుగ ఎండాకాలపు తొలినాళ్లలో ఆకు రాల్చి మళ్లీ చిగురిస్తాయి కాబట్టి, ఆ వారాల్లో నీడ పలుచబడకుండా ఎప్పుడూ ఆకుతో ఉండే పొగడను వాటి నడుమ నాటండి. పొగడ నిదానంగా పెరుగుతుంది, అందుకే దానిని మొదటి ఏడాదే నాటాలి. వేపపళ్లు రాలే కాలంలో నేల జిడ్డుగా మారుతుంది, నేరేడు పళ్లయితే మరకా జారుడూ రెండూను. ఈ రెంటినీ నడిచే దారికి దూరంగా ఉంచండి. తురాయి, నిద్రగన్నేరు కొమ్మలు ఈదురుగాలికి విరిగిపడతాయి కాబట్టి మనుషులు కూర్చునే చోట వద్దు. రావి, మర్రి వేర్లు గోడలను చీలుస్తాయి; ఇప్పటికే ఉన్న పెద్ద చెట్టునైతే కొట్టకండి, దాని చుట్టూనే తోటను మలచుకోండి. చింతచెట్టు కింద రాత్రి పడుకోకూడదన్న నమ్మకం ఉన్నవారు అక్కడికి రారు. అటువంటి నమ్మకాలతో వాదించడానికి ఆసుపత్రి తోట తగిన చోటు కాదు.

మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు ఎండాకాలంలోనే తీయించి, ఎండకు ఆరనిచ్చి, మాగిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి కలిపిన మట్టితో నింపి, జూలై వానలు పడ్డాక నాటించండి. భవనానికి కనీసం పదిహేనడుగుల దూరం పాటించండి. ఈ మొక్కలు నీడనిచ్చేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. అంతవరకు రోగులను ఎండలో ఉంచలేం కాబట్టి, రాతి స్తంభాల మీద పందిరి వేసి ఆనప, బీర, చిక్కుడు పాకించండి. వానాకాలంలో విత్తితే రెండు నెలల్లో పందిరి కమ్ముకుంటుంది. దానితో పాటే రాధామనోహరం తీగను నాటితే అది నిలకడగా అల్లుకొని, ఏటా విత్తే పని తప్పిస్తుంది. కాగితపు పూల తీగకు ముళ్లుంటాయి, కూర్చునే పందిరికి అది తగదు. మానసిక వైద్యంలో వాడే కొన్ని మందుల వల్ల, డాక్సీసైక్లిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్స్ వల్ల చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది. అటువంటి వార్డుల ముందు పందిరి లేకుండా తోటను తెరవనే వద్దు.

చేతికి అందే మొక్కలు, అసలు వద్దన్న మొక్కలు

చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి అందేలా రెండు, రెండున్నర అడుగుల ఎత్తున మట్టి తొట్లు కట్టించండి. ఒక వైపు నుంచే చేయి చాచే తొట్టి వెడల్పు రెండడుగులు మించకూడదు. మరువం, దవనం, తులసి, వామాకు, పుదీనా వేస్తే ఆకును వేళ్ల మధ్య నలిపి వాసన చూడవచ్చు. మంచం మీద మందుల వాసన మధ్య రోజులు గడిపినవారికి ఇది ఎంత హాయినిస్తుందో చూస్తేనే తెలుస్తుంది. కనకాంబరం, బంతి, చామంతి రంగులకు చాలు. మల్లె, సన్నజాజి వేయండి గాని వార్డు కిటికీ కింద కాదు. క్యాన్సరు మందులు తీసుకుంటున్నవారికి, నెల తప్పినవారికి ఘాటైన పరిమళం వాంతి తెప్పిస్తుంది. రేరాణి, ఏడాకుల పొన్న రాత్రిపూట వెదజల్లే ఘాటు ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది కాబట్టి ఆవరణలోనే వద్దు.

గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, అడవి ఆముదం, గురివింద, వీటిలో ఏదీ ఆసుపత్రి తోటలో ఉండకూడదు. పచ్చగన్నేరు గింజ గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదు, అడవి ఆముదం గింజలు తిని పిల్లలు ఆసుపత్రి పాలవడం మనకు కొత్త కాదు. నిరాశలో ఉన్న మనుషులు, చిన్నపిల్లలు తిరిగే చోట ఇవి అందుబాటులో ఉండటం ప్రమాదం. నీళ్లు పోయకున్నా పూస్తాయని గన్నేరును సూచించే తోటమాలి ఉంటాడు. కారణం చెప్పి ఒప్పించండి. వయ్యారిభామ మొలిస్తే పూత రాకముందే తొడుగులు వేసుకొని వేళ్లతో సహా పీకించాలి, అది చర్మానికీ శ్వాసకూ రెండింటికీ చెరుపే.

ఆసుపత్రిలో ‘ఔషధ వనం’ వేయాలన్న సూచన తరచుగా వస్తుంది. గుత్తి, పత్తికొండల మధ్య ఉన్న ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. వాటిలో రెండవది మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేయడం గురించి, మూలికలు లేనిచోట తెప్పించి నాటించడం గురించి, దారుల వెంట చెట్లు నాటి బావులు తవ్వించడం గురించి చెబుతుంది. ఆ శాసనంలోని చెట్టూ నీరూ నేటి తోటకు అక్షరాలా వర్తిస్తాయి. మూలికల సంగతి మాత్రం వేరు: ఒకవైపు వార్డులో మందులు వాడుతూ మరోవైపు ఎవరో చెప్పారని తిప్పతీగో బొప్పాయి ఆకో కోసి రసం తాగితే వైద్యుడికి తెలియకుండా రెండు వైద్యాలు కలుస్తాయి. తిప్పతీగ వాడకంతో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు మన దేశంలోనే నమోదయ్యాయి. కనుక సువాసన మొక్కల దగ్గర కూడా ‘వాసన చూడండి, తినకండి’ అని రాసి పెట్టండి.

నీరు, దోమ, మట్టి

ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో పచ్చికబయలు పెంచడం తాగునీటితో చేసే దుబారా. డ్రిప్ గొట్టాలతో చెట్లకూ తొట్లకూ నీరందించి, మొదళ్లలో ఎండుటాకులు కప్పి ఉంచండి. ఏసీల నుంచి కారే నీటిని డబ్బాల్లో పట్టి వాడుకోవచ్చు. ఆసుపత్రి మురుగును శుద్ధి చేసిన నీరైతే చెట్ల మొదళ్లకు మాత్రమే, అదీ మట్టి కింది గొట్టాల ద్వారానే ఇవ్వాలి, తుంపరగా చల్లకూడదు.

ఫౌంటెను వద్దు. గాలిలోకి లేచే నీటి తుంపరల ద్వారా లీజియోనెల్లా వంటి సూక్ష్మక్రిములు బలహీనమైన ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది. నీళ్లు నిలిచే తామరకొలనుల్లో, కుండీ కింది పళ్లేల్లో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. పక్షుల కోసం నీటి పళ్లెం పెట్టండి, కాని దానిని రోజూ ఒంపి రుద్ది కడిగే బాధ్యత ఒక మనిషికి అప్పగించండి. మట్టిలో ఉండే బూజు రేణువులు రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి హాని చేస్తాయి. వారిని మట్టి తవ్వే, ఎరువు కలిపే వేళల్లో తోటలోకి తీసుకురావద్దని సంబంధిత వార్డులకు చెప్పి, ఆ పనులకు నిర్ణీత సమయం పెట్టుకోండి. మంచం దిగలేని వారి కోసం కుండీలు వార్డులోకి తేవద్దు, కిటికీ బయటి దృశ్యాన్ని బాగుచేయండి. మీరే ఆ మంచం మీద పడుకొని బయటికి చూడండి. గోడ మాత్రమే కనిపిస్తే దానిమీదికి తీగ పాకించండి, కింది అంతస్తుకైతే పదిహేనడుగుల దూరంలో గుబురు మొక్కలు, పై అంతస్తుకైతే పిచ్చుకలు వాలే చెట్టు చిటారు కనిపించేలా చూడండి.

నిర్వహణ

తోటకు అనుమతి ఇచ్చే కాగితంలోనే తోటమాలి జీతం, ఎండాకాలపు నీరు, విరిగిన బెంచీల మరమ్మతు ఎవరి ఖాతాలో వస్తాయో రాయించండి. అది తేలకుండా ఒక్క మొక్క కూడా నాటవద్దు. ఈదురుగాలుల కాలానికి ముందే ఎండుకొమ్మలు తీయించాలి. పురుగుమందులు వాడకూడదు, వేపనూనె చాలు. ఆసుపత్రి చెత్తలో ఏ భాగమూ కంపోస్టులోకి రాకూడదు, రాలిన ఆకులే రావాలి. శుభ్రంగా ఉంచాలన్న ఉద్దేశంతో తోటకు కంచె వేసి తాళం బిగించే అలవాటు చాలాచోట్ల ఉంది. తాళం వేసిన తోట రోగికి ఉన్నా లేనట్లే. ఉదయం ఐదు నుంచి రాత్రి తొమ్మిది వరకు గేటు తెరిచే ఉండాలని ముందే ఒప్పందం చేసుకోండి.

తెరిచే ముందు చక్రాల కుర్చీలో ఒకరిని, స్ట్రెచరు మీద ఒకరిని, కళ్లకు గంత కట్టి ఒకరిని తోట అంతా తిప్పి చూడండి. చక్రం ఎక్కడ ఆగిందో, కాలు ఎక్కడ తట్టుకుందో సుద్దతో గుర్తు పెట్టి సరిచేయించండి. మొదటి ఎండాకాలం వచ్చాక ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ ఒక వారం, అవే వేళల్లో గమనించండి. ఎవరూ కూర్చోని బెంచీని నీడలోకి జరిపించండి, జనం కిక్కిరిసిన పందిరిని పొడిగించండి, మనుషులు అడ్డంగా నడిచి అరగదీసిన చోట వారిని ఆపకుండా అక్కడే దారి వేయండి. ఈ మార్పులన్నీ జూన్ నెలాఖరుకు పూర్తయితే, ఎండిపోయిన మొక్కల చోట కొత్తవి జూలై వానకు నాటుకోవచ్చు.